జనవరిలో 80, మార్చిలో 310: అదే ఎక్స్‌ట్రాక్ట్, అవే కణాలు. తప్పు నా చేతిదేనా?

తిప్పతీగ_తిప్పలు
పీహెచ్‌డీ మూడో ఏడు. తిప్పతీగ కాండం నుంచి మెథనాల్‌తో తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌ని హెప్‌జీ2 అనే కాలేయ క్యాన్సర్ కణాల మీద వేసి ఎంటీటీ (ఎన్ని కణాలు బతికున్నాయో రంగుతో కొలిచే పరీక్ష) చేస్తున్నాను. జనవరిలో ఐసీ50, అంటే సగం కణాల్ని చంపే మోతాదు, 80 మైక్రోగ్రాములు వచ్చింది. మార్చిలో అదే ప్రయోగానికి 310. మూడోసారి అసలు కర్వే రాలేదు, ముగ్గు వేసే ముందు పెట్టిన చుక్కల్లా ఉంది గ్రాఫ్. ప్రొటోకాల్ అదే, సీసా అదే, చేసేదీ నేనే. గైడ్ గారు "నీ చేతిలో నిలకడ లేదమ్మా" అన్నారు. మా ల్యాబ్‌లో అంతకు మించిన తిట్టు లేదు.

ఇంకో సంగతి. కణాలు ఈమధ్య బద్ధకంగా పెరుగుతున్నాయి. ఇదివరకు నాలుగు రోజులకి ఫ్లాస్క్ నిండేది, ఇప్పుడు వారమైనా సగం ఖాళీ. కణాలు పెరిగే ద్రవం, మీడియం, తేటగానే ఉంది. మైక్రోస్కోప్ కింద బ్యాక్టీరియా లేదు, బూజు లేదు. ఎఫ్‌బీఎస్ (మీడియంలో కలిపే దూడ సీరం) బాటిల్ మార్చాను, పెన్‌స్ట్రెప్ (పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన యాంటీబయాటిక్) డబుల్ వేశాను, ఇంక్యుబేటర్ తుడిచాను. ఏమీ మారలేదు. ఒక సీనియరేమో "ఈ కణాలతో కుస్తీ ఎందుకు, నేరుగా మైస్‌లో చేసెయ్, పేపర్ కూడా పెద్ద జర్నల్‌కి వెళ్తుంది" అంటున్నాడు. జూన్‌లో రివ్యూ. ఏం చెయ్యమంటారు?

ఆటోక్లేవ్_అక్క
మైకోప్లాస్మాకి టెస్ట్ చేశావా?

తిప్పతీగ_తిప్పలు
లేదక్కా. మీడియం తేటగా ఉంది కదా అని ఊరుకున్నాను.

ఆటోక్లేవ్_అక్క
అక్కడే అందరం బోల్తా పడతాం. మామూలు బ్యాక్టీరియా పడితే మర్నాటికి మీడియం మజ్జిగలా అవుతుంది, పసుపు తిరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. మైకోప్లాస్మా కూడా ఒక రకం బ్యాక్టీరియానే, కానీ మిల్లీలీటరుకు కోటి ఉన్నా మీడియం తేటగానే ఉంటుంది. సైజు చాలా చిన్నది, 0.3 మైక్రాన్ల చుట్టూ. దానికి గట్టి గోడ లేదు కాబట్టి ఒళ్లు కుదించుకుని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి కూడా జారిపోగలదు. నీ కల్చర్ మైక్రోస్కోప్‌లో నెలంతా వెతికినా కనబడదు.

గోడ లేదంటే ఇంకో అర్థం కూడా ఉంది. పెన్సిలిన్ పని బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా చెయ్యడం. గోడే లేనిదాన్ని అదేం చేస్తుంది? నువ్వు డోసు డబుల్ చేసి సాధించింది ఒక్కటే, మిగతా కంటామినేషన్లని కూడా కనబడకుండా దాచిపెట్టావు.

అది ఊరికే కూర్చోదు కూడా. కణం తినాల్సిన ఆర్జినిన్ తినేస్తుంది, డీఎన్‌ఏ కట్టుకునే ముక్కలు లాక్కుంటుంది. ఎంటీటీలో వచ్చే ఊదా రంగు కణం జీవక్రియ మీద ఆధారపడుతుంది. కంచంలో ఇంకొకళ్లు చెయ్యి పెట్టి తింటుంటే ఆ అంకె రోజుకోలా రాక ఏమవుతుంది?

చెయ్యాల్సింది ఇది. యాంటీబయాటిక్ పూర్తిగా ఆపి రెండు పాసేజీలు (కణాల్ని కొత్త ఫ్లాస్క్‌కి మార్చడం) నడుపు. ఫ్లాస్క్ నిండాక రెండు రోజులు మీడియం మార్చకుండా ఉంచి, అందులోంచి ఒక మిల్లీలీటరు తీసుకో. 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడి చేసి, స్పిన్ చేసి, పైనీటితో మైకోప్లాస్మా 16ఎస్ జన్యువుని పట్టే ప్రైమర్లు పెట్టి పీసీఆర్ (ఆ డీఎన్‌ఏ ఉంటే పెంచి చూపించే పరీక్ష) చెయ్యి. పాజిటివ్ కంట్రోల్, ఉత్త నీళ్ల కంట్రోల్ రెండూ ఉండాలి. అవి లేని జెల్ ఫొటో ఇక్కడ పెడితే నేను చూడను.

మైనస్_ఎనభై
పెన్‌స్ట్రెప్ డబుల్ = గోడల్లేని ఇంటికి తాళం మార్చడం.

కోలై_కోటేశ్వర్
అందుకే నేను బ్యాక్టీరియాలో సెటిలయ్యాను. రాత్రి ఎల్‌బీ మీడియంలో వేసి ఇంటికెళ్తే పొద్దున్నకి రెడీ. 20 నిమిషాలకోసారి రెట్టింపు. సీఓ2 అక్కర్లేదు, ఎఫ్‌బీఎస్ అక్కర్లేదు, ఆదివారం వచ్చి మీడియం మార్చే పని లేదు. మీ కణాల్ని పసిపిల్లల్లా సాకాలి, అయినా అలుగుతాయి.

పెట్రీ_పళ్లెం
కోటేశ్వర్ గారూ, మీరు ఆ చేతులతోనే మా కల్చర్ రూమ్‌లోకి వస్తారని మా భయం.

కోలై_కోటేశ్వర్
మీ రూమ్ తలుపు మీద "బ్యాక్టీరియా వాళ్లకు ప్రవేశం లేదు" అని రాసి పెట్టారు కదా, ఇంకెక్కడ వస్తాను. తీరా చూస్తే ఈ మైకోప్లాస్మా మా దగ్గర్నుంచి వచ్చేది కాదు, మీ నోట్లోంచే వస్తుంది.

రిటైర్డ్_లెక్చరర్
కోటేశ్వర్ అన్నది నిజం. ఎక్కువగా దొరికేవాటిలో ఒకటి మైకోప్లాస్మా ఒరాలే, మనుషుల నోట్లో ఉండేది. ఇంకొకటి హయోరైనిస్, పందిది. అర్జినిని పశువులది. ఒకప్పుడు ట్రిప్సిన్ పంది నుంచి, సీరం దూడ నుంచి సరిగ్గా వడపొయ్యకుండా వచ్చేవి కాబట్టి అవి అలా చేరేవి. ఇప్పుడు ఎక్కువగా ఒక ఫ్లాస్క్ నుంచి ఇంకో ఫ్లాస్క్‌కి పాకుతోంది.

మేం చదువుకునే రోజుల్లో పిపెట్‌ని నోటితోనే పీల్చేవాళ్లం. పైన చిన్న దూది ఉండ, అంతే రక్షణ. మా అటెండర్ జర్దా నములుతూ మీడియం పోసిచ్చేవాడు. ఆ కణాలు ఎలా బతికాయో దేవుడికే తెలియాలి.

1956లో ముగ్గురు శాస్త్రవేత్తలు హీలా అనే మనిషి క్యాన్సర్ కణాలకు ఈ జాతి సూక్ష్మజీవులు సోకితే ఏమవుతుందో చూద్దామని మొదలుపెట్టారు. తీరా చూస్తే వాళ్లు ఏమీ కలపని ఫ్లాస్కుల్లో కూడా అది ముందే కాపురం ఉంది. కణాల కల్చర్లలో ఇది దాక్కుంటుందని లోకానికి తెలిసింది అలాగే.

ఎమ్మెస్సీ_మొదటేడు
సార్, మీరు నిజంగా నోటితో పీల్చేవారా? ఆసిడ్ కూడానా?

రిటైర్డ్_లెక్చరర్
ఒకసారి పీల్చాను. రెండోసారి జాగ్రత్తపడ్డాను.

పెట్రీ_పళ్లెం
మా అమ్మ ఆవకాయ జాడీలోకి తడి గరిటె పెట్టనివ్వదు. మూత తీసి మాట్లాడనివ్వదు. చేతులు కడిగి, తుడిచి, ఆరబెట్టుకున్నాకే జాడీ ముట్టుకోవాలి. నాకు హుడ్‌లో చెయ్యి పెట్టడం ఎవరూ కొత్తగా నేర్పలేదు.

కోలై_కోటేశ్వర్
ఆవకాయలో ఉప్పుంది, కారముంది, పైన నూనె తేలుతుంది. మీ అమ్మ పొరపాటు చేసినా ఆవకాయ క్షమిస్తుంది. మీ డీఎంఈఎం మీడియంలో ఉన్నది చక్కెర, అమైనో ఆసిడ్లు, పైన 10 శాతం దూడ సీరం. అది జాడీ కాదు, పెళ్లి భోజనం.

హ్యూస్టన్_నుంచి
మైకోప్లాస్మా సంగతి అక్క చెప్పింది, దానితో వాదన లేదు. కానీ అంకె మారడానికి అదొక్కటే కారణం కాకపోవచ్చు. తిప్పతీగ_తిప్పలు గారూ, ఒక ప్రశ్న. మీ ప్లేట్‌లో కణాలు లేకుండా, మీడియం + ఎక్స్‌ట్రాక్ట్ + ఎంటీటీ మాత్రమే ఉన్న వెల్స్ (ప్లేట్‌లోని చిన్న గుంటలు) పెట్టారా?

తిప్పతీగ_తిప్పలు
మీడియం + ఎంటీటీ బ్లాంక్ పెట్టాను. ఎక్స్‌ట్రాక్ట్‌తో బ్లాంక్ పెట్టలేదు.

హ్యూస్టన్_నుంచి
పెట్టి చూడండి. ఎంటీటీ పసుపు రంగు పొడి, బతికున్న కణం దాన్ని రెడ్యూస్ చేస్తే ఊదా రంగు ఫార్మజాన్ అవుతుంది. కానీ రెడ్యూస్ చెయ్యడానికి కణమే ఉండాలని రూలేం లేదు. మొక్కల ఎక్స్‌ట్రాక్ట్‌లో పాలీఫినాల్స్ ఉంటాయి, అవి కూడా ఆ పని చేసేస్తాయి. అంటే ఎక్స్‌ట్రాక్ట్ ఎక్కువ వేసిన చోట కణాలు చచ్చినా రంగు వస్తుంది. "ఎక్కువ డోసులో కణాలు బాగా బతుకుతున్నాయి" అని థీసిస్‌లో రాసుకున్నవాళ్లని నేను ఎరుగుదును. పరీక్ష చాలా తేలిక, అరపూట పని. ఎంటీటీ వేసే ముందు ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న మీడియం తీసేసి పీబీఎస్ ఉప్పునీటితో ఒకసారి కడిగితే చాలావరకు తగ్గుతుంది. లేదా ట్రిపాన్ బ్లూ వేసి కళ్లతో లెక్కపెట్టండి. నీలం ఎక్కినవి పోయినవి. మెడ నొప్పి పుడుతుంది కానీ అబద్ధం చెప్పదు.

ఎక్స్‌ట్రాక్ట్ దేంట్లో కరిగించారు?

తిప్పతీగ_తిప్పలు
డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో. వెల్‌లో చివరికి 1 శాతం.

హ్యూస్టన్_నుంచి
ఎక్కువే. 0.1కి తగ్గించండి, కుదరకపోతే 0.5 దాటకుండా చూడండి. కంట్రోల్ వెల్స్‌లో కూడా సరిగ్గా అంతే డీఎంఎస్‌ఓ ఉండాలి, ఉత్త మీడియం కాదు.

పబ్లిష్_పాపారావు
ఇలా గీసుకుంటూ కూర్చుంటే పీహెచ్‌డీ పదేళ్లు పడుతుంది. మూడు సార్లు చెయ్యండి, దగ్గరగా వచ్చిన రెండు తీసుకోండి, సగటు వెయ్యండి. అందరూ చేసేదే. రివ్యూయర్‌కి కావాల్సింది ఎర్రర్ బార్లు.

ఆటోక్లేవ్_అక్క
80కి, 310కి సగటు 195. ఆ 195 ఎవరిది పాపారావు గారూ? ఏ రోజూ ఎవరికీ రాని అంకె అది.

మైనస్_ఎనభై
పొద్దున ఇడ్లీ, రాత్రి బిర్యానీ తింటే సగటున మధ్యాహ్నం ఉప్మా తిన్నట్టు.

తిప్పతీగ_తిప్పలు
హ్యూస్టన్ గారూ, ఇవాళ కణాల్లేని వెల్స్ పెట్టాను. 50 మైక్రోగ్రాముల దగ్గర ఏమీ లేదు. 200 దగ్గర లేతగా. 500 దగ్గర నేరేడు పండు రంగు. ఒక్క కణం కూడా లేదు అక్కడ. ప్లేట్ పట్టుకుని కాసేపు అలా కూర్చుండిపోయాను.

హ్యూస్టన్_నుంచి
మొదటిసారి చూసినప్పుడు నాకూ అలాగే అయింది. నాది కరివేపాకు.

ఎమ్మెస్సీ_మొదటేడు
అందరూ హెప్‌జీ2 అంటున్నారు, హీలా అంటున్నారు. ఇవి ఎవరి కణాలు? ఎవరైనా ఇస్తారా అసలు?

ఆటోక్లేవ్_అక్క
హీలా అంటే హెన్రియెట్టా లాక్స్. 1951లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఆవిడ గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ గడ్డ నుంచి తీశారు. ఆవిడని అడగలేదు. ఆ ఏడాదే ఆవిడ పోయింది, కణాలు ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. హెప్‌జీ2 ఒక 15 ఏళ్ల కుర్రాడి కాలేయం గడ్డ నుంచి వచ్చింది. చాలా ఏళ్లు దాన్ని పెద్దవాళ్లకొచ్చే కాలేయ క్యాన్సర్ అనుకున్నారు, తర్వాత చూస్తే పిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమా అని తేలింది. ఎన్నో థీసిస్‌లలో ఇప్పటికీ పాత పేరే ఉంటుంది.

ఇక "ఇవి ఎవరి కణాలు" అన్న ప్రశ్న పెద్దవాళ్లు కూడా అడగాల్సిందే. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ 18 వేర్వేరు కణజాతులు అనుకున్నవాటిని పరీక్షించి, అన్నింట్లో ఒకే రకం జీ6పీడీ ఎంజైమ్ ఉందని, అది హీలాలో ఉన్న రకమేనని చూపించాడు. అంటే ఒకే పిపెట్‌తో రెండు ఫ్లాస్కులు ముట్టుకున్నప్పుడు హీలా దూకి, అక్కడి కణాలకంటే వేగంగా పెరిగి ఇల్లు ఆక్రమించేసింది. ఇప్పుడు ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ చేయిస్తే తేలిపోతుంది, మనుషులకి చేసే డీఎన్‌ఏ టెస్టు లాంటిదే.

తిప్పతీగా, నీ హెప్‌జీ2 ఎక్కడిది?

తిప్పతీగ_తిప్పలు
పక్క ల్యాబ్ అన్న ఒక ఫ్లాస్క్ ఇచ్చాడు. మూత మీద మార్కర్‌తో "హెప్ – పి?" అని రాసుంది, పి అంటే పాసేజ్ నంబర్.

మైనస్_ఎనభై
ఆ ప్రశ్నార్థకం మీద ఒక చాప్టర్ రాయొచ్చు.

ఆటోక్లేవ్_అక్క
పుణెలో ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) వాళ్ల కణాల రిపాజిటరీ ఉన్నదే ఇందుకు. ఇండెంట్ పెట్టు. వచ్చిన వెంటనే ప్రయోగానికి దూకకుండా మొదటి రెండు మూడు పాసేజీల్లోనే పది వయల్స్ ఫ్రీజ్ చేసుకో. 10 శాతం డీఎంఎస్‌ఓ, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబడాలి. ఐసోప్రొపనాల్ డబ్బాలో పెట్టి మైనస్ 80లో ఒక రాత్రి, మర్నాడు లిక్విడ్ నైట్రోజన్‌లోకి. మైనస్ 80లోనే ఆరు నెలలు వదిలేసి తర్వాత "బతకలేదక్కా" అని ఇక్కడికి రావద్దు.

మైనస్_ఎనభై
నా పేరు తీసుకుని తిట్టకండి.

ఎలుకల_డాక్టర్
నేను వెటర్నరీ, యానిమల్ హౌస్‌లో పని. "నేరుగా మైస్‌లో చేసెయ్" అన్న సీనియర్ గారి కోసం ఈ పోస్టు.

ఒకటి, నేరుగా ఏదీ కుదరదు. ఫామ్ బీ నింపాలి, సంస్థ ఎథిక్స్ కమిటీ కూర్చోవాలి, సీసీఎస్‌ఈఏ (జంతు ప్రయోగాల్ని పర్యవేక్షించే కేంద్ర కమిటీ) నామినీ ఉండాలి. ఎన్ని జంతువులు, ఎందుకు అన్ని, నొప్పి ఎలా తగ్గిస్తారు, చివరికి ఎలా చంపుతారు అన్నీ రాసివ్వాలి. "కణాల్లో అంకె నిలబడలేదు కాబట్టి" అన్నది ఆ ఫామ్‌లో రాసే కారణం కాదు. 1959లో రసెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాల్లో మొదటిదే జంతువు లేకుండా కుదిరితే అలా చెయ్యమని. మీరు ఇంకా కణాల్లో సరిగ్గా చెయ్యనేలేదు.

రెండు, ఏ మోడల్ పెడదామనుకున్నారు?

తిప్పతీగ_తిప్పలు
పారాసిటమాల్ ఇచ్చి కాలేయం దెబ్బతీసి, ఎక్స్‌ట్రాక్ట్ కాపాడుతుందేమో చూడటం సార్. సింగిల్ డోస్ పారాసిటమాల్, అంతకుముందు ఏడు రోజులు ఎక్స్‌ట్రాక్ట్.

కోలై_కోటేశ్వర్
ఒక్క నిమిషం. మొదటి చాప్టర్‌లో అదే ఎక్స్‌ట్రాక్ట్ కాలేయ కణాల్ని చంపుతుంది. రెండో చాప్టర్‌లో కాలేయాన్ని కాపాడుతుంది. ముందు ఆ రెండూ ఒకళ్లనొకళ్లు కలిసి మాట్లాడుకుంటే బాగుంటుంది.

పబ్లిష్_పాపారావు
క్యాన్సర్ కణాల్ని చంపుతుంది, మంచి కణాల్ని కాపాడుతుంది. ఇంట్రడక్షన్‌లో ఒక్క వాక్యం చాలు.

ఎలుకల_డాక్టర్
పాపారావు గారు నిజంగా చాలా పేపర్లు వేసుంటారు.

పారాసిటమాల్ మోడల్ చూడ్డానికి తేలిక. మగ మైస్‌ని రాత్రంతా ఉపవాసం ఉంచి, కిలోకి 300 మిల్లీగ్రాముల చొప్పున పొట్టలోకి ఇంజెక్షన్. 25 గ్రాముల ఎలుకకి 7.5 మిల్లీగ్రాములు. 24 గంటల్లోపే రక్తంలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) వేలల్లోకి వెళ్తుంది. కానీ గుంటలు చాలా ఉన్నాయి, నేనే రెండింట్లో పడ్డాను.

పారాసిటమాల్ చల్లటి సెలైన్‌లో సరిగ్గా కరగదు. మిల్లీలీటరుకి 15 మిల్లీగ్రాములు వెయ్యాలంటే వేడి చేసి కరిగించి గోరువెచ్చగా ఉంచుకోవాలి. మా దగ్గర ఒకబ్బాయి ఏసీ గదిలో ట్యూబ్ బల్ల మీద పెట్టి ఒక్కో ఎలుకకి ఇచ్చుకుంటూ పోయాడు. చివరి పది ఎలుకలకి వచ్చేసరికి ట్యూబ్ అడుగున తెల్లగా పేరుకుంది. ఆ చివరి పదీ ట్రీట్‌మెంట్ గ్రూపు. "మందు పనిచేసింది సార్" అని పరిగెత్తుకొచ్చాడు. పాపం, వాటికి సగం విషమే అందింది.

ఉపవాసం తేడా వస్తే అంకె తలకిందులవుతుంది. కాలేయంలో విషాన్ని విరిచే గ్లూటాథయోన్ తగ్గితేనే విషం ఎక్కుతుంది. ఒక కేజీలో మూత మీద నాలుగు ఫీడ్ గుళికలు మర్చిపోతే ఆ కేజీ మొత్తం హాయిగా ఉంటుంది.

అసలు ప్రమాదం డీఎంఎస్‌ఓ. పారాసిటమాల్ తనంతట తాను విషం కాదు, కాలేయంలో సీవైపీ2ఈ1 అనే ఎంజైమ్ దాన్ని నాప్‌క్వీ అనే పదార్థంగా మారుస్తుంది, దెబ్బకొట్టేది అది. డీఎంఎస్‌ఓ ఆ ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. మీ ఎక్స్‌ట్రాక్ట్ డీఎంఎస్‌ఓలో కలిపి ఎలుకకిస్తే తిప్పతీగలో ఏమీ లేకపోయినా కాలేయం బాగుంటుంది. ఏడు రోజులు ముందే ఇవ్వడంలోనూ ఇదే చిక్కు. ఎక్స్‌ట్రాక్ట్ ఆ ఎంజైమ్‌ని అణచినా "కాపాడినట్టే" కనబడుతుంది. విషం తయారవ్వకుండా ఆపడం వేరు, తయారయ్యాక కాపాడటం వేరు. ఆసుపత్రికొచ్చే మనిషి మాత్రలు మింగేశాకే వస్తాడు. అందుకని పారాసిటమాల్ ఇచ్చిన గంటన్నర, రెండు గంటల తర్వాత ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చే గ్రూపు ఒకటి తప్పక పెట్టండి.

హ్యూస్టన్_నుంచి
దీనికి తోడు, హెప్‌జీ2లో సీవైపీ2ఈ1 దాదాపు లేనట్టే. అంటే ఆ కణాల్లో పారాసిటమాల్ పెట్టినా ఎలుకలో, మనిషిలో జరిగే దెబ్బ జరగదు. కణాల్లో ఈ మోడల్ చూడాలంటే అప్పుడే తీసిన మౌస్ హెపటోసైట్లు (కాలేయ కణాలు), లేదా హెపాఆర్‌జీ కణాలు కావాలి. ర్యాట్స్ కూడా వద్దు, పారాసిటమాల్‌ని అవి తేలిగ్గా తట్టుకుంటాయి.

తిప్పతీగ_తిప్పలు
డాక్టర్ గారూ, మీరు పడ్డ రెండో గుంట ఏది?

ఎలుకల_డాక్టర్
ర్యాక్‌లో పై వరసంతా కంట్రోల్, కింది వరసంతా ట్రీట్‌మెంట్ పెట్టాను, లెక్క తేలిగ్గా ఉంటుందని. పై వరసకి ట్యూబ్‌లైట్ నేరుగా పడుతుంది. ఎలుక రాత్రి జీవి, వెలుతురు పడదు. వాటి బరువులు తగ్గాయి. మూడు వారాలు నా మందుకే బరువు పెరిగిందనుకున్నాను. ఇప్పుడు కేజీలకి చిట్టీలు వేసి చోటు తీస్తాం, రక్తం తీసేవాడికి ఏ చెవి గుర్తు ఏ గ్రూపో చెప్పం. తోక పట్టి ఎత్తడం కూడా మానేశాం. ప్లాస్టిక్ గొట్టంలోకి అవే నడిచొస్తే ఎత్తుతాం, బెదరవు. 2010లో లివర్‌పూల్ వాళ్లు చూపించారు.

పెట్రీ_పళ్లెం
మగవాళ్ల వాసనకే మైస్ టెన్షన్ పడతాయని 2014లో మెక్‌గిల్ వాళ్ల పేపర్ వచ్చింది కదా. మగ మనిషి వేసుకున్న టీషర్ట్ పక్కన పెట్టినా సరే. మా ల్యాబ్ అమ్మాయిలం దాన్ని ప్రింట్ తీసి యానిమల్ హౌస్ తలుపుకి అంటించాం.

ఎలుకల_డాక్టర్
నిజమే. అయినా నా ఉద్యోగం ఊడగొట్టకండి.

ఎమ్మెస్సీ_మొదటేడు
మా అమ్మమ్మకి నేను ఎలుకల మీద ప్రాజెక్ట్ అని చెప్తే "ఎలుకలు పట్టడానికి ఇంత చదువెందుకే, బోను కొనుక్కుంటే సరిపోయేది" అంది.

గునుపూడి_కుర్రాడు
ఇంత చర్చలో మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి మాట రాకపోవడం అన్యాయం. ఈ ముగ్గురితో, అంటే బ్యాక్టీరియా, ఎలుక, రసాయనంతో పని చేయించుకోవడం ఆయన బృందానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో ఫోలిక్ ఆసిడ్ వేరుచేసేటప్పుడు వాళ్ల కొలబద్ద ల్యాక్టోబాసిల్లస్ కేసై అనే బ్యాక్టీరియా. ఏ భాగం వేస్తే అది పెరిగితే అందులో ఫోలిక్ ఆసిడ్ ఉన్నట్టు. బోదకాలు మందు డీఈసీని కూడా అక్కడే 1947 ప్రాంతంలో కాటన్ ర్యాట్స్‌లో ఉండే ఫైలేరియా పురుగుల మీద పరీక్షించి పట్టుకున్నారు. గోదావరి జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి ఇస్తూ వచ్చిన మాత్ర అదే. మా నాన్నమ్మ కాలు చూసినవాణ్ణి, ఆ ఎలుకలకి దండం పెడతాను.

రిటైర్డ్_లెక్చరర్
మంచి మాట గుర్తు చేశావు బాబూ. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన చేసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిలో మేం ఎమ్మెస్సీలో నీలం రంగు చూసి లెక్కగట్టేవాళ్లం. ఆ రంగుకి కూడా బ్లాంక్ పెట్టకపోతే మా మాస్టారు ట్యూబులు సింక్‌లో పారబోయించేవారు.

కోలై_కోటేశ్వర్
దారి తప్పుతున్నా, నాదొక చిన్న బాధ. ట్రాన్స్‌ఫర్మేషన్ చేసి, అంటే బ్యాక్టీరియాలోకి ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ ముక్క ఎక్కించి, ఆంపిసిలిన్ ప్లేట్ మీద వేశా. రాత్రి పెట్టి మధ్యాహ్నం చూస్తే పెద్ద కాలనీల చుట్టూ గసగసాల్లా చిన్నవి బోలెడు. ఎంచుకుని పెంచితే ఒక్కటీ పెరగదు.

ఆటోక్లేవ్_అక్క
శాటిలైట్లు. పెద్ద కాలనీ బీటా ల్యాక్టమేజ్ ఎంజైమ్‌ని బయటికి వదిలి చుట్టూ ఆంపిసిలిన్‌ని తినేసింది, ఆ నీడలో ప్లాస్మిడ్ లేనివి బతికాయి. 16 గంటలకే ప్లేట్ తీసెయ్యి, లేదా కార్బెనిసిలిన్ వాడు, అది అంత త్వరగా పాడవదు. బ్యాక్టీరియాలో సెటిలైతే హాయి అన్నావు?

కోలై_కోటేశ్వర్
మాట వెనక్కి తీసుకుంటున్నా.

హ్యూస్టన్_నుంచి
ఇంకో మాట, మొక్క గురించి. తిప్పతీగ అని మీకెవరు గుర్తుపట్టి ఇచ్చారు? 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, చూడ్డానికి దగ్గరగా ఉండే టైనోస్పోరా క్రిస్పా అయ్యుండొచ్చు అంది. ఎవరిది నిజమైనా, మీ మొక్క ఏదో హెర్బేరియం షీటుతో (ఎండబెట్టి అంటించిన మొక్క నమూనా) సహా చెప్పగలగాలి. కణాలకి ఎస్‌టీఆర్ ఎలాగో మొక్కకి అది అలాగ.

తిప్పతీగ_తిప్పలు
బోటనీ వాళ్లకి చూపించి వోచర్ నంబర్ తీసుకున్నాను. ఈ థ్రెడ్‌లో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

తిప్పతీగ_తిప్పలు
మూడు వారాల తర్వాత అప్‌డేట్. యాంటీబయాటిక్ ఆపి రెండు పాసేజీలు నడిపి పీసీఆర్ చేశాను. నీళ్ల లేన్ ఖాళీ. పాజిటివ్ కంట్రోల్‌లో 500 బేస్‌ల దగ్గర బ్యాండ్ (గీత). నా ఫ్లాస్క్ లేన్‌లో కంట్రోల్ కంటే మందంగా బ్యాండ్, వెలుగుతోంది. పోయినేడాది ఫ్రీజ్ చేసిన వయల్స్‌లో మూడు తీసి పెంచి చూశాను, మూడూ పాజిటివ్. పక్క ల్యాబ్ అన్న ఫ్లాస్క్ కూడా అంతే. డీఎన్‌ఏకి అంటుకుని నీలంగా వెలిగే హెక్స్ట్ స్టెయిన్ కూడా వేశాను. కేంద్రకాలు గుండ్రంగా నీలంగా, వాటి చుట్టూ కణం అంతా చిన్న చిన్న చుక్కలు, చీకట్లో దూరపు ఊరి దీపాల్లా. ఏడాదిన్నరగా నేను పెంచింది ఏవో తెలిసింది.

ఇప్పుడు మందు పెట్టి బాగుచెయ్యాలా, పారెయ్యాలా?

పెట్రీ_పళ్లెం
మందులున్నాయి, రెండు వారాలు పెడితే చాలాసార్లు పోతుంది. మేం ఒక లైన్ అలా బతికించుకున్నాం. ఆపాక మళ్లీ నెల రోజులు టెస్ట్ చేస్తూనే ఉండాలి.

ఆటోక్లేవ్_అక్క
దొరకని లైన్ అయితే బతికించుకోవాలి, మీది అలాంటిదేమో. హెప్‌జీ2 పుణె నుంచి మళ్లీ వస్తుంది. మందు తట్టుకుని మిగిలిన కణాలు మొదటివాటిలాంటివేనని ఎవరు హామీ? బ్లీచ్ పొయ్యి, ఆటోక్లేవ్ చెయ్యి. తెరిచిన ట్రిప్సిన్, మీడియం, పీబీఎస్ బాటిల్స్ అన్నీ పారెయ్యి. ఇంక్యుబేటర్ అడుగున నీళ్ల ట్రే కడుగు. కొత్తవి వచ్చాక రెండు వారాలు వేరే ఇంక్యుబేటర్‌లో పెట్టు.

పబ్లిష్_పాపారావు
జనవరి డేటా మాత్రం బాగుంది కదా, అది ఉంచేసుకోవచ్చు.

ఆటోక్లేవ్_అక్క
పాపారావు గారూ, మీ ఫ్లాస్కులు ఒకసారి పంపండి, ఫ్రీగా టెస్ట్ చేసిపెడతాను.

తిప్పతీగ_తిప్పలు
అన్నీ ఇవాళ ఆటోక్లేవ్‌లో పెట్టాను. 121 డిగ్రీలు, ఇరవై నిమిషాలు. పుణెకి ఇండెంట్ వెళ్లింది. డీఎంఎస్‌ఓ 0.1కి తగ్గించాను, కణాల్లేని వెల్స్ ప్రతి ప్లేట్‌లో పెడుతున్నాను. మైస్ ప్రపోజల్‌ని ఎలుకల_డాక్టర్ గారు చెప్పినట్టు తిరగరాస్తున్నాను, ఎక్స్‌ట్రాక్ట్‌ని డీఎంఎస్‌ఓ లేకుండా కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్‌లో కలిపి నోటి ద్వారా ఇచ్చేలా.

ఒక్క సమస్య మిగిలింది. ఊరికే ఉన్నాయి కదా అని మిగిలిన పీసీఆర్ మిక్స్‌తో ట్యాంక్‌లో ఉన్న గైడ్ గారి పాత స్టాక్ కూడా ఒకటి పెంచి టెస్ట్ చేశాను. ఆయన సొంత చేత్తో ఫ్రీజ్ చేసినది, మూత మీద సంతకంతో సహా. పాజిటివ్. ఆయనకి ఎలా చెప్పాలి?

మైనస్_ఎనభై
"సార్, మీ చేతిలో..."

ఆటోక్లేవ్_అక్క
నోర్ముయ్. తిప్పతీగా, జెల్ ఫొటో ప్రింట్ తీసి, లేన్లకి నంబర్లు మాత్రం రాసి, పేర్లు రాయకుండా ఆయన బల్ల మీద పెట్టు. ఏ లేన్ పాజిటివో ఆయన్నే చెప్పనివ్వు. ఎవరిదో తర్వాత చెప్పు.

ఎలుకల_డాక్టర్
బ్లైండింగ్ అంటే ఇదే.

రిటైర్డ్_లెక్చరర్
టీ తాగాక చూపించమ్మా, ముందు కాదు.